తలరాతా, కార్యకారణమా? కథల ఆటలు మళ్లీ మళ్లీ ఎందుకు ఆడతారు?

తెలిసిన కథ మళ్లీ ఎందుకు వింటారని మన దగ్గర ఎవరూ అడగరు. రావణుడు చస్తాడని తెలిసే హరికథకి వెళ్తారు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ప్రతి మాటా నోటికొచ్చినవాళ్లు కూడా టీవీలో అది వస్తుంటే చానెల్ మార్చరు. అయితే సినిమా మూడు గంటల్లో అయిపోతుంది, కూర్చుని చూస్తే చాలు. కంప్యూటర్ మీద ఆడే రోల్-ప్లేయింగ్ గేముల సంగతి వేరు. ఒక పాత్రని తయారుచేసుకుని, ఊళ్లు తిరిగి, పదిమందితో మాట్లాడి, పోట్లాడి, నలభై గంటలో, ఒక్కోసారి వంద గంటలో కష్టపడితే గానీ ఒక కథ పూర్తికాదు. అంత శ్రమపడి ముగించినవాడు మర్నాడే మళ్లీ మొదటినుంచి ఎందుకు మొదలుపెడతాడు?

ఆటల పత్రికలు ఈ గుణాన్ని రీప్లే వాల్యూ అంటాయి. అది ఎక్కడినుంచి వస్తుందని అడిగితే సాధారణంగా వినిపించే జవాబు "కథ, పాత్రలు బావుంటే మళ్లీ ఆడతారు" అని. వినడానికి సబబుగానే ఉంది. కానీ వినడానికి సబబుగా ఉన్నవాటినే ముందు అనుమానించాలని కదా మనం అందరికీ చెబుతూ ఉంటాం. కాబట్టి దీన్ని ఒక ప్రతిపాదనగా తీసుకుని, చరిత్రలో దానికి వ్యతిరేకంగా ఏ సాక్ష్యం ఉందో చూద్దాం.

హేతువాదులకి ఆటలతో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. ఈ ఆటల్లోని పాత్రలు పిల్లల్ని "పూని" చంపేస్తున్నాయని 1980ల్లో అమెరికాలో పెద్ద గోల జరిగింది. అలాంటి గోల మన దేశంలోనూ జరిగింది. ఆ ఆరోపణకి అసలైన జవాబు ఈ "మళ్లీ ఆడటం" అనే అలవాటులోనే ఉందని నా అభిప్రాయం.

కథ లేకపోయినా ఆడతారు

మొదట మన ఇళ్లలో ఉన్న రెండు ఆటలు తీసుకుందాం. చదరంగంలో కథ లేదు. రాజుకి పేరు లేదు, మంత్రికి మనసు లేదు. అయినా మన దేశంలో పుట్టిన ఆ ఆటని పధ్నాలుగు వందల ఏళ్లకు పైగా ప్రపంచమంతా ఆడుతూనే ఉంది. వైకుంఠపాళిలో మాత్రం బోలెడు కథ ఉంది. నిచ్చెనల దగ్గర సుగుణాలు, పాముల దగ్గర దుర్గుణాలు, పైన పరమపదం... ఒక జీవుడి ప్రయాణమంతా ఆ పటంలో ఉంది. కానీ ఆడేవాడు చేసేదేమీ లేదు. గవ్వలు ఎంత పడితే అంత. పుణ్యమూ పాపమూ కూడా గవ్వల్లోంచే వస్తాయి! తలరాత అనే భావాన్ని ఇంతకంటే కచ్చితంగా చూపించే యంత్రం ఇంకొకటి ఉండదేమో. పిల్లలు ఒక వయసు దాటాక వైకుంఠపాళిని అటకెక్కిస్తారు. చదరంగం పట్టుకున్నవాళ్లు మాత్రం ముసలితనం దాకా వదలరు.

కంప్యూటర్ ఆటల్లో దీనికి సాటి వచ్చే ఉదాహరణ 1980 నాటి రోగ్. దానికి ముందు 1970ల మధ్యలో విల్ క్రౌథర్ రాయగా, 1977లో డాన్ వుడ్స్ పెంచిన అడ్వెంచర్ అనే గుహల ఆట ఉండేది. బావుండేది గానీ, ఒకసారి చిక్కుముడులన్నీ విప్పేశాక అందులో మిగిలేదేమీ ఉండదు. కాలిఫోర్నియాలో చదువుకుంటున్న మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ అనే ఇద్దరు కుర్రాళ్లకి ఇది నచ్చలేదు. రాసినవాళ్లకి కూడా కొత్తగా ఉండే ఆట కావాలనుకున్నారు. రోగ్‌లో ఆడిన ప్రతిసారీ గుహ కొత్తగా తయారవుతుంది. చస్తే మళ్లీ మొదటినుంచే. కథ ఒక్క వాక్యం: అడుగున ఉన్న తాయెత్తు పట్టుకురా. పాత్ర "@" అనే ఒక్క గుర్తు. అయినా యూనిక్స్ కంప్యూటర్లున్న యూనివర్సిటీల్లో జనం దానికి అతుక్కుపోయారు. 1987లో వచ్చిన నెట్‌హ్యాక్ దాని వారసుడే. దాన్ని ఇప్పటికీ ఆడేవాళ్లున్నారు.

అంటే, మళ్లీ ఆడటానికి కథ తప్పనిసరి కాదు. మనం తీసుకున్న ప్రతిపాదన మొదటి పరీక్షలోనే తప్పింది. అయితే ప్రశ్న మారుతుంది. కథ లేకుండానే పని జరుగుతున్నప్పుడు, కథా పాత్రలూ వచ్చి అదనంగా చేసేదేమిటి?

ఓడిన యుద్ధాన్ని మళ్లీ ఆడటం

దీని వేళ్లు వెతికితే ప్రష్యా సైన్యం దగ్గర తేలతాం. రైస్‌విట్జ్ అనే అధికారి తన తండ్రి కనిపెట్టిన ఆటని బాగుచేసి 1824లో క్రీగ్‌స్పీల్ పేరుతో సైన్యానికి చూపించాడు. క్రీగ్‌స్పీల్ అంటే యుద్ధపు ఆట. నిజమైన భూమి పటాలు, పాచికలు, ఎవరు ఏం చేస్తే ఏమవుతుందో తేల్చే ఒక మధ్యవర్తి. దీని ఉపయోగమంతా మళ్లీ ఆడటంలోనే ఉంది. "ఆ వంతెన దగ్గర గుర్రపు దళాన్ని గంట ముందు కదిపి ఉంటే ఏమయ్యేది?" అన్న ప్రశ్నకి చరిత్ర జవాబు చెప్పదు. చరిత్ర ఒక్కసారే జరుగుతుంది. ఆటలో ఒక్క విషయం మార్చి, మిగతాదంతా అలాగే ఉంచి, మళ్లీ చూడవచ్చు. ప్రయోగశాలలో చేసే పని కూడా ఇదే.

అందులో సైన్యాలే ఉన్నాయి, మనుషులు లేరు. మనుషులు 1969లో వచ్చారు. అమెరికాలోని మినెసోటాలో డేవిడ్ వెస్లీ అనే యుద్ధపు ఆటల అభిమాని, నెపోలియన్ కాలపు బ్రౌన్‌స్టీన్ అనే కల్పిత జర్మన్ ఊరిని పెట్టి, స్నేహితులకి సైన్యాల బదులు పాత్రలు ఇచ్చాడు. ఒకరు మేయరు, ఒకరు బ్యాంకరు, ఒకరు యూనివర్సిటీ ఛాన్సలరు. ఎవరి స్వార్థం వాళ్లది. ఆట అదుపు తప్పి గందరగోళమైపోయింది. ఇది దెబ్బతినేసిందని వెస్లీ అనుకున్నాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని అడిగారు! ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ 1971 నుంచి బ్లాక్‌మూర్ అనే తన సొంత లోకంలో ఆడించడం మొదలుపెట్టాడు. గ్యారీ గైగాక్స్‌తో కలిసి దాన్ని 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో అచ్చువేశారు. మొదట వేసినవి 1,000 పెట్టెలు.

అందులో కొత్తదనం మాంత్రికులూ రాక్షసులూ కాదు, అవి పాత కథల్లోనివే. కొత్తదనం ఏమిటంటే, ఈ వారం ఆడిన పాత్ర వచ్చే వారం కూడా ఉంటుంది, చేసినది గుర్తుంచుకుంటుంది, అనుభవంతో ఎదుగుతుంది. పోయిన వారం మీరు మోసం చేసిన సత్రం యజమాని ఈ వారం తలుపు తీయడు. చదరంగంలో ఎత్తుకి ఎత్తే ఫలితం. ఇక్కడ నడతకి కూడా ఫలితం ఉంది. కథా పాత్రలూ వచ్చి అదనంగా చేసింది ఇదీ.

పూనకమా, నటనా?

ఆట లక్షలమందికి చేరేసరికి భయం కూడా చేరింది. 1979 ఆగస్టులో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 16 ఏళ్ల విద్యార్థి కనిపించకుండా పోయాడు. కుటుంబం పెట్టుకున్న డిటెక్టివ్, ఆ కుర్రాడు ఈ ఆట ఆడుతూ యూనివర్సిటీ కింద ఉన్న ఆవిరి గొట్టాల సొరంగాల్లో చిక్కుకుని ఉంటాడని ఒక ఊహ చెప్పాడు. పత్రికలు ఆ ఊహనే వార్త చేశాయి. కుర్రాడు వెళ్లిపోవడానికి కారణం మానసిక వేదన, చదువు ఒత్తిడి అని తర్వాత తేలింది. ఈ మాట 1984లో ఆ డిటెక్టివ్ రాసిన పుస్తకంలోనే ఉంది. కానీ అప్పటికే 1982లో టామ్ హ్యాంక్స్ నటించిన మేజెస్ అండ్ మాన్‌స్టర్స్ అనే టీవీ సినిమా వచ్చేసింది. అందులో కుర్రాడు తన పాత్రే తాననుకుని మతి కోల్పోతాడు. 1983లో, కొడుకుని ఆత్మహత్యలో పోగొట్టుకున్న ఒక తల్లి ఈ ఆటకి వ్యతిరేకంగా సంఘం పెట్టింది. ఆట దయ్యాల పూజ నేర్పుతుందనీ, పాత్ర మీద పడే శాపం ఆడేవాడికి తగులుతుందనీ ప్రచారం సాగింది. ఆ తల్లి దుఃఖం నిజం. ఆమె చెప్పిన కారణమే నిజం కాదు.

1990లో మైకేల్ స్టాక్‌పోల్ అనే రచయిత ఈ ఆరోపణలని ఒక్కొక్కటిగా విప్పి ఒక నివేదిక రాశాడు. అందులో ముఖ్యమైన పాయింటు మనకి బాగా తెలిసినదే. ఆడేవాళ్లు లక్షల్లో ఉన్నప్పుడు, ఆ వయసు పిల్లల్లో మామూలుగా ఎన్ని ఆత్మహత్యలు జరుగుతాయో లెక్కలోకి తీసుకోకుండా, "ఆడేవాళ్లలో ఇంతమంది చచ్చిపోయారు" అనడం దేన్నీ రుజువు చేయదు. మన దేశంలో 2017లో బ్లూ వేల్ పేరుతో చానెళ్లన్నీ ఊగిపోయినప్పుడు కూడా ఇదే జరిగింది. పరిశీలించిన మరణాల్లో దేనికీ ఆ ఆటతో సంబంధం ఉన్నట్టు నిర్ధారణ కాలేదని 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకి చెప్పింది. ఆ వార్త ఎన్ని చానెళ్లలో ఎంతసేపు వచ్చిందో మీకే తెలుసు.

లెక్కల సంగతి అలా ఉంచితే, "పాత్ర పూనుతుంది" అన్న వాదనకి ఇంకొక జవాబుంది. పూనకం వచ్చిందనేవాడు ఎప్పుడూ ఒకే అమ్మవారు. నటుడు అలా కాదు. 1977లో వచ్చిన దాన వీర శూర కర్ణలో ఎన్.టి. రామారావు కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు మూడు పాత్రలూ వేశారు. ఒకే భారతాన్ని మూడు వైపులనుంచి చూపించగలిగినవాడికి అవి వేషాలని తెలుసు. ఒకసారి దయగల వీరుడిగా ఆడి, రెండోసారి దొంగగా, మూడోసారి మాటలతోనే నెగ్గుకొచ్చేవాడిగా ఆడే కుర్రాడు చేసేదీ అదే. పాత్రని పక్కనపెట్టి ఇంకొకటి తొడుక్కోవడం వాడికి తెలుసు. మళ్లీ ఆడటమన్నదే పూనకం లేదనడానికి సాక్ష్యం.

అవతారం అనే మాట

ఈ గొడవలోంచే ఒక మంచి ఆట పుట్టింది. 1983లో రిచర్డ్ గారియట్ చేసిన అల్టిమా ఆటల్లో మూడోదాని అట్ట మీద రాక్షసుడి బొమ్మ ఉంది. దాన్ని అతని సొంత కంపెనీయే ప్రచురించింది కాబట్టి, ఉత్తరాలు నేరుగా అతనికే వచ్చాయి. కొన్నిట్లో నువ్వు సైతానువన్న తిట్లు. అవి తప్పుడు నిందలే అయినా, చదువుతూ అతను ఒక సంగతి గమనించాడు. తన ఆటల్లో గెలవడానికి జనం దొంగతనాలూ హత్యలూ చేస్తున్నారు, చివర్లో వాళ్లనే ఆట వీరులని పొగుడుతోంది!

1985లో వచ్చిన అల్టిమా నాలుగో భాగం పేరు క్వెస్ట్ ఆఫ్ ది అవతార్. ఆ మాట మనదే. హిందూ అవతారాల గురించి టీవీలో చూసిన ఒక కార్యక్రమం దీనికి స్ఫూర్తి అని గారియట్ చెప్పాడు. అయితే మన పురాణాల్లో అవతారమంటే పైనుంచి కిందికి దిగడం. గారియట్ దాన్ని తిరగేశాడు. ఇందులో మామూలు మనిషి తన పనుల వల్ల పైకి ఎదిగి అవతార్ అవుతాడు. చంపడానికి చివర్లో మహాదుష్టుడు ఎవరూ లేరు. నిజాయితీ, కరుణ, ధైర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం అనే ఎనిమిది గుణాలని ఆచరణలో చూపించాలి.

ఆట మొదట్లో జోస్యం చెప్పే ఒక స్త్రీ ఏడు ప్రశ్నలు అడుగుతుంది. ప్రతిదాంట్లో రెండు మంచి గుణాల మధ్య చిక్కు. మీ జవాబుల్ని బట్టి మీరు ఎవరో తేలుతుంది. కరుణ వైపు మొగ్గితే గాయకుడు, నిజాయితీ వైపు మొగ్గితే మాంత్రికుడు, వినయం వైపైతే గొర్రెల కాపరి. ఎవరి ప్రయాణం ఎక్కడ మొదలవుతుందో కూడా దాన్ని బట్టే. ఇది చూడ్డానికి జోస్యంలా ఉంటుంది గానీ జోస్యానికి తలకిందులు: జవాబు మారిస్తే జాతకం మారుతుంది! మూలికలమ్మే గుడ్డివాళ్లున్నారు. ఎంతిచ్చామో మీ మాటే వాళ్లకి లెక్క. తక్కువిచ్చి ఎక్కువిచ్చానంటే అప్పుడేమీ జరగదు. లోపల నిజాయితీ లెక్క తగ్గుతుంది, చాలాసేపయ్యాక ఆ సంగతి బయటపడుతుంది. వైకుంఠపాళిలో గవ్వలు చేసిన పని ఇక్కడ నడత చేసింది. ఇంకో జవాబు చెప్పి ఉంటే ఎవరినయ్యేవాడిని అన్న కుతూహలంతో మళ్లీ ఆడటం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

చచ్చినవాళ్లని బతికించే వదంతులు

ఇక్కడ జపాన్ వైపు చూడకపోతే అన్యాయమవుతుంది. అక్కడి ఆటల్లో కథ ఎక్కువగా రాసిపెట్టినట్టే నడుస్తుంది. పాత్ర పేరు, గతం, మరణం అన్నీ రచయిత నిర్ణయించినవే. దీనికి 1995లో వచ్చిన క్రోనో ట్రిగర్ మంచి మినహాయింపు. కాలంలో ముందుకీ వెనక్కీ వెళ్లే కథ. ఒకసారి ముగించాక, సంపాదించిన శక్తులతోనే మళ్లీ మొదలుపెట్టడానికి న్యూ గేమ్ ప్లస్ అన్న పేరు పెట్టింది ఇదే. చివరి శత్రువుని కథలో ఏ దశలో ఎదిరించారన్న దాన్ని బట్టి పదికి పైగా ముగింపులున్నాయి.

1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ ఏడో భాగం అలాంటిది కాదు. అందులో ఏరిత్ అనే అమ్మాయి కథ మధ్యలో ప్రతినాయకుడి కత్తికి బలైపోతుంది. గంటల తరబడి వెంట నడిచిన పాత్ర అలా పోతే జనం తట్టుకోలేకపోయారు. ఆమెని బతికించే రహస్య మార్గం ఉందని వదంతులు పుట్టాయి. ఫలానా వస్తువు సంపాదించాలి, ఫలానా చోటికి ఫలానా సమయంలో వెళ్లాలి అంటూ. ఆశతో ఎందరో మళ్లీ ఆడారు. ఫలితం రాకపోతే "నువ్వు సరిగ్గా చేయలేదు" అన్న జవాబు సిద్ధంగా ఉండేది. నిజానికి అలాంటి మార్గం ఆ ఆటలో లేనే లేదు. మన ఊళ్లలో మొక్కు తీరకపోతే పూజారి చెప్పే జవాబుకీ దీనికీ తేడా ఏమైనా కనిపిస్తోందా? మతం కాని చోట కూడా, దేవుడూ పూజారీ లేకుండానే, దుఃఖం ఒక్కటే ఉంటే చాలు మూఢనమ్మకం ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి ఇది చక్కటి నమూనా.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. వదంతి అబద్ధమని తెలిశాక కూడా ఆ ఆటని మళ్లీ ఆడినవాళ్లున్నారు. అది మాయాబజార్ మళ్లీ చూడటం లాంటిది. ఇష్టమైన మనుషుల దగ్గరికి మళ్లీ వెళ్లడం. దీనికి తక్కువ విలువ కట్టక్కర్లేదు. కాకపోతే ఇది వేరే రకం తిరిగిరావడం. ఇక్కడ ఆడేవాడు శ్రోత, అంతే.

రుజువు చూసి మనసు మార్చుకున్న ప్రతినాయకుడు

అదే 1997లో అమెరికాలో ఫాలౌట్ వచ్చింది. అణుయుద్ధం తర్వాతి ఎడారి లోకం. ఇందులో మొదట మీ పాత్రకి బలం, తెలివి వంటి గుణాలకి పదేసిలో మార్కులు పంచుకోవాలి. తెలివికి మూడో, అంతకంటే తక్కువో ఇస్తే, ఆ పాత్ర సరిగ్గా మాట్లాడలేదు. మూలుగులూ ముక్కలూ తప్ప నోట మాట రాదు. ఎదుటివాళ్లు కూడా అలాగే చూస్తారు. అదే ఊరు, అదే మనుషులు, మారింది ఒక్కటే. ఫలితం పూర్తిగా వేరు. ప్రయోగమంటే ఇదే కదా. ముగింపులో ఒక్కో ఊరు ఏమైందో వరసగా చెబుతారు. మీరు పట్టించుకోని ఊరికి కూడా దాని ఫలితం దానికుంటుంది.

దీని ప్రతినాయకుడు మాస్టర్. మనుషులందర్నీ పట్టి రసాయనాల తొట్టెలో ముంచి, మ్యూటెంట్లు అనే ఒకే బలమైన జాతిగా మార్చేస్తే యుద్ధాలు ఆగిపోతాయన్నది అతని సిద్ధాంతం. అతన్ని తుపాకీతో చంపవచ్చు. బాంబుతో అతని స్థావరాన్ని పేల్చేయవచ్చు. మూడో దారి కూడా ఉంది. ఈ కొత్త జాతికి పిల్లలు పుట్టరని పరిశోధనలో తేలిన సాక్ష్యం వేరే చోట దొరుకుతుంది. దాన్ని అతని ముందు పెట్టవచ్చు. మొదట నమ్మడు. మీ వాళ్లనే అడిగి చూడమంటే, చూస్తాడు. నిజమని తెలిశాక, తను చేసిన క్రూరత్వమంతా వృథా అని గ్రహించి తన స్థావరాన్ని తనే నాశనం చేసుకుంటాడు.

మొదటిసారి తుపాకీతో గెలిచినవాడికి ఇలాంటి దారి ఉందని తెలియకపోవచ్చు. రెండోసారి ఆడితే మాస్టర్ మరో మనిషిలా కనిపిస్తాడు. అతను రాక్షసుడు కాదు, తప్పు సిద్ధాంతాన్ని నమ్మిన మనిషి అని తెలుస్తుంది. నిజజీవితంలో రుజువు చూసి మనసు మార్చుకునే బాబాలూ నాయకులూ మనకెంతమంది తగిలారో చెప్పక్కర్లేదు. అందుకే కాబోలు హేతువాదులకి ఈ ఘట్టం అంత నచ్చుతుంది.

కథ మారదు, మనం మారతాం

1999లో బ్లాక్ ఐల్ స్టూడియోస్ చేసిన ప్లేన్‌స్కేప్: టార్మెంట్ మరో రకం. కథానాయకుడికి చావు లేదు. కానీ చచ్చి లేచిన ప్రతిసారీ జ్ఞాపకాలు పోతాయి. పునర్జన్మల్ని నమ్మేవాళ్లు ఆలోచించాల్సిన విషయమిది. జ్ఞాపకం లేకపోతే, పోయినసారి చేసినవాడూ ఇప్పుడు శిక్ష అనుభవించేవాడూ ఒకడే ఎలా అవుతారు? ఈ ప్రశ్న చుట్టూ ఆటంతా నడుస్తుంది.

ఆట మొదట్లో శవాగారంలో లేచిన నాయకుడికి మోర్ట్ అనే గాలిలో తేలే పుర్రె తోడవుతుంది. నాయకుడి వీపు మీద పచ్చబొట్టుగా ఉన్న సందేశాన్ని అది చదివి వినిపిస్తుంది. చివరి మాట మాత్రం చదవదు. ఆ పుర్రెని నమ్మవద్దన్న హెచ్చరిక అది! చాలాసేపయ్యాక గానీ ఇది బయటపడదు. రెండోసారి ఆడినప్పుడు ఆ మొదటి దృశ్యంలో ఒక్క అక్షరం మారదు. మారింది మనకి తెలిసినది. మొదటిసారి హాస్యంగా వినిపించిన ప్రతి మాట వెనకా ఈసారి భయమూ అపరాధభావమూ వినిపిస్తాయి. కొమ్మలుగా చీలని కథ కూడా మళ్లీ ఆడిస్తుందనడానికి ఇది ఉదాహరణ.

మరుసటి ఏడాది, 2000లో వచ్చిన బాల్డర్స్ గేట్ రెండో భాగం పాత్రల్ని ఇంకోలా వాడింది. తోడు రావడానికి 16 మంది ఉంటారు, మీ వెంట చోటు ఐదుగురికే. వాళ్లలో వాళ్లకి సరిపడకపోవచ్చు. ధర్మనిష్ఠ గల కెల్డార్న్‌నీ, చీకటి జాతి స్త్రీ వైకోనియానీ కలిపి తీసుకెళ్తే పోట్లాట కత్తుల దాకా వెళ్తుంది. ఎవరిని తీసుకెళ్లామన్న దాన్ని బట్టి అదే దారి వేరే ప్రయాణమవుతుంది.

కొన్ని అనుమానాలు

ఇంతవరకూ చెప్పిందంతా అనుకూల సాక్ష్యమే. ఎదుటివైపు వాదన కూడా వినాలి. 2007లో మొదలైన మాస్ ఎఫెక్ట్ ఆటల్లో మంచివాడిగానో, కరకువాడిగానో ఆడే రెండు దారులూ ఉన్నాయి. ఆ ఆటలకి పనిచేసిన ఒకరు 2020లో చెప్పిన ప్రకారం సుమారు 92 శాతం మంది మంచి దారే పట్టారట. ఇది ఒకరి జ్ఞాపకం, అచ్చయిన అధ్యయనం కాదు. అయినా రెండో దారి ఉన్నంతమాత్రాన జనం అందులోకి వెళ్లిపోరని దీనివల్ల అనిపిస్తుంది. పెద్ద ఆటల్ని చాలామంది ఒక్కసారి కూడా పూర్తిచేయరు. కాబట్టి మళ్లీ ఆడేవాళ్లు తక్కువమందేనని ఒప్పుకోవాలి.

రెండో అనుమానం అంకెల గురించి. 2023లో బాల్డర్స్ గేట్ మూడో భాగం విడుదలకి ముందు దానికి 17,000 రకాల ముగింపులున్నాయని తయారీదారులు చెప్పారు. అది గొప్ప ఆటే. కానీ చిన్న చిన్న తేడాలన్నిటినీ ఒకదాంతో ఒకటి గుణిస్తే ఎంత పెద్ద అంకె అయినా వస్తుంది. 2012లో మాస్ ఎఫెక్ట్ మూడో భాగం ముగిసినప్పుడు, ఐదేళ్లుగా మూడు ఆటల్లో చేసిన నిర్ణయాలన్నీ చివరికి రంగు మారిన దాదాపు ఒకే దృశ్యంగా తేలాయని ఆడినవాళ్లు మండిపడ్డారు. కంపెనీ ముగింపుని విస్తరించి ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది. వాళ్ల కోపానికి కారణం కథ విషాదం కావడం ఒక్కటే కాదు. కార్యకారణమని నమ్మించి చివర్లో తలరాత చేతిలో పెట్టారన్నది వాళ్ల ఫిర్యాదు. దీనికి భిన్నంగా 2011 నాటి విచర్ రెండో భాగంలో, మొదటి అధ్యాయం చివర ఎవరి పక్షం వహించారన్న ఒక్క నిర్ణయంతో రెండో అధ్యాయం శిబిరంతో సహా మారిపోతుంది. అక్కడ నిర్ణయం ఒక్కటే, అయినా మళ్లీ ఆడించడానికి అది చాలు.

మూడో అనుమానం అన్నిటికంటే బరువైనది. మళ్లీ మళ్లీ ఆడి ప్రయోగాలు చేసేవాడికి ఆ పాత్రలు చివరికి బొమ్మలైపోవా? 2015లో టోబీ ఫాక్స్ చేసిన అండర్‌టేల్ సరిగ్గా ఈ ప్రశ్న మీదే కట్టిన ఆట. మిమ్మల్ని తల్లిలా చూసుకున్న పాత్రని చంపి, మనసొప్పక వెనక్కి వెళ్లి ఈసారి వదిలేశారనుకోండి. ఫ్లావీ అనే పువ్వు మీ దగ్గరికొచ్చి, నువ్వేం చేశావో నాకు తెలుసంటుంది. దాని కథ తర్వాత తెలుస్తుంది. ఒకప్పుడు దానికీ కాలాన్ని వెనక్కి తిప్పే శక్తి ఉండేది. మొదట అందరికీ మంచి చేసింది. ఎవరు ఏమంటారో అన్నీ తెలిసిపోయాక విసుగొచ్చి, చంపితే ఏమవుతుందో చూద్దామని మొదలుపెట్టింది. అందర్నీ చంపే దారిలో ఒకసారి చివరిదాకా వెళ్తే, ఆ తర్వాత మీరు సాధించే మంచి ముగింపు మీద కూడా దాని మచ్చ పడుతుంది.

కుతూహలం మంచిదే. కానీ ఎదుటివాళ్ల మీద దయ లేని కుతూహలం ఎక్కడికి వెళ్తుందో ఆ పువ్వు కథ చెబుతుంది. ప్రయోగాలకి నీతి నియమాలు ఎందుకు పెట్టుకున్నామో సైన్సు చరిత్ర చదివినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

తేలిందేమిటి?

మొదట తీసుకున్న ప్రతిపాదనని ఇలా సవరించుకోవచ్చు. కథ బావున్నంత మాత్రాన జనం మళ్లీ ఆడరు. ఆట ముగిశాక ఒక ప్రశ్న మిగిలితే ఆడతారు. రోగ్‌లో ఆ ప్రశ్న "ఈసారి గుహ ఎలా ఉంటుంది?" అన్నది. కథా పాత్రలూ ఉన్న చోట అది "నేను ఇంకోలా ప్రవర్తిస్తే వీళ్లేమయ్యేవాళ్లు?" అవుతుంది. ఈ రెండో ప్రశ్నకి విలువ ఎక్కువ. ఎందుకంటే జరిగినదంతా రాసిపెట్టి ఉందని నమ్మేవాడికి అసలు ఆ ప్రశ్న రాదు. జీవితంలో మనకి రెండో ఆట లేదు కాబట్టే, ఒకటి మార్చి చూస్తే ఏమయ్యేదని ఊహించే అలవాటు ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి.

ఆటలన్నీ మంచివని నేననడం లేదు. డబ్బు గుంజడానికీ, అలవాటు చేయడానికీ తయారైనవి కావలసినన్ని ఉన్నాయి. అవి రోజూ రప్పించుకునేది ప్రశ్నతో కాదు, బహుమతుల ఎరతో. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మీ ఇంట్లో పిల్లలు అయిపోయిన ఆటనే మళ్లీ మొదలుపెడితే, తిట్టే ముందు ఒక మాట అడగండి: "ఈసారి ఏం మార్చి ఆడుతున్నావు?" దానికి జవాబుంటే కూర్చుని వినండి. అది పూనకం కాదు, ప్రయోగం.